ఆ నాలుగేళ్ల లెక్క

మార్టిన్ నీమొల్లర్ పేరు చెప్పగానే హిట్లర్‌ను ఎదిరించి జైలుపాలైన జర్మన్ పాస్టరని అంటాం. సాక్ష్యాల్ని జైలు గేటు దగ్గర ముగించడం మనకు అలవాటు. కానీ ఈయన కథలో విశ్వాసిని కలవరపెట్టే భాగం జైలుకు ముందూ, జైలు తర్వాతా ఉంది.

1892లో లిప్‌స్టాట్‌లో ఓ పాస్టరు ఇంట పుట్టిన నీమొల్లర్ నౌకాదళంలో చేరి, మొదటి ప్రపంచయుద్ధం చివరికి జలాంతర్గామి కమాండరయ్యాడు. 1918లో జర్మనీ ఓడిపోయింది. చక్రవర్తి సింహాసనం వదులుకుని పరాయి దేశానికి పోయాడు. తాను ప్రాణం పెట్టిన సామ్రాజ్యం అలా కూలిపోయాక ఆ సైనికుడు వేదాంతం చదివి, 1924లో పాస్టరుగా అభిషేకం పొందాడు. యూనిఫాం తీసేశాడు గానీ పాత వైభవం మీద మమకారం తీరలేదు. ఓటమి, నిరుద్యోగం, నిలకడలేని ప్రభుత్వాలతో విసిగిపోయిన ఎందరో జర్మన్లలాగే ఓ బలమైన నాయకుడొస్తే దేశం బాగుపడుతుందనుకున్నాడు. 1933లో నాజీ పార్టీకే ఓటేశాడు. వాక్యం తెలిసిన దైవసేవకుడు ఇంత గుడ్డిగా ఎలా నమ్మాడని ఆశ్చర్యపోకండి. భయపడిన దేశానికి రక్షకుడిలాంటి వాడొకడు దొరికితే సంఘం కూడా చప్పట్లు కొడుతుంది.

ఆ నమ్మకం త్వరగానే చెదిరింది. యూదు సంతతికి చెందిన పాస్టర్లను సేవ నుంచి తొలగించాలనే నియమం వచ్చినప్పుడు, 1933 సెప్టెంబరులో ఆయన పాస్టర్ల అత్యవసర సమాఖ్యను ప్రారంభించాడు. 1934 జనవరిలో హిట్లర్ ఎదుట నిలబడ్డాడు. ఆ సాయంత్రమే గెస్టపో పోలీసులు ఇల్లు సోదా చేశారు. 1937 జూలై 1న అరెస్టయ్యాడు. 1938లో కోర్టు వేసిన శిక్ష అప్పటికే పూర్తయినా హిట్లర్ వదల్లేదు. మొదట సాక్సెన్‌హాసెన్, 1941 నుంచి డాహౌ నిర్బంధ శిబిరాల్లో 1945 దాకా ఉంచాడు.

అయితే ఆ పోరాటమంతా సంఘ స్వేచ్ఛ కోసమే. సంఘం వెలుపలి యూదుల కోసం, కమ్యూనిస్టుల కోసం నోరు విప్పలేదు. యూదుల పట్ల ఆయనకే దురభిప్రాయాలుండేవి. 1939లో యుద్ధం మొదలైనప్పుడు, మళ్లీ నౌకాదళంలో పనిచేస్తానని శిబిరం నుంచే రాశాడు కూడా.

విడుదలయ్యాక 1945లోనే భార్య ఎల్జెకు తానున్న గది చూపించాలని డాహౌ వెళ్లాడు. దహనవాటిక దగ్గర ఒక పలక ఉంది. 1933 నుంచి 1945 దాకా అక్కడ కాల్చేసిన మనుషుల సంఖ్య దాని మీద రాసుంది. ఆ సంఖ్య కన్నా ఆ సంవత్సరాలే తనను పట్టుకున్నాయని తర్వాత ఎన్నో సభల్లో చెప్పాడు. 1937 తర్వాత ఎక్కడున్నావని దేవుడడిగితే ఖైదులో ఉన్నానని చెప్పొచ్చు. 1933 నుంచి 1937 దాకా? స్వేచ్ఛగానే ఉన్నాడు, వేలమంది వినే ప్రసంగ వేదిక చేతిలో ఉంది. ఏదెనులో చెట్ల చాటున దాక్కున్న ఆదామును వెదకిన ప్రశ్న తన మీదికే వచ్చిందని గ్రహించాడు.

ఆ అక్టోబరులో స్టుట్‌గార్ట్‌లో సంఘనాయకులు చేసిన అపరాధపు ఒప్పుకోలు మీద ఆయనా సంతకం పెట్టాడు. ఊరూరా తిరిగి దాన్నే ప్రకటించాడు. బాంబుదాడుల్లో ఇళ్లు పోయి, ఆకలితో ఉన్న జనానికి అది రుచించలేదు. చాలామంది ద్వేషించారు.

ఇంతలో లోకాధికారం మళ్లీ చేతులు మారింది. ఒకవైపు అమెరికా, మరోవైపు సోవియట్ రష్యా నిలిచాయి. 1949లో జర్మనీయే రెండు దేశాలైంది. ఈసారి ఆయన ఏ పక్షానికీ చప్పట్లు కొట్టలేదు. పశ్చిమ జర్మనీ మళ్లీ ఆయుధాలు పట్టకూడదన్నాడు. 1952లో మాస్కో వెళ్లి అక్కడి సంఘాన్ని కలిస్తే సొంతవాళ్లే కమ్యూనిస్టని ముద్రవేశారు. 1954లో శాస్త్రవేత్త ఓటో హాన్ నోట హైడ్రోజన్ బాంబు సంగతి విన్నాక, ఒకప్పుడు నౌకల్ని ముంచిన ఈ మనిషి యుద్ధాన్నే తిరస్కరించాడు. 1961 ఆగస్టులో ఆయన నడుపుతున్న కారు ప్రమాదానికి గురై ఎల్జె మరణించింది. అదే ఏడాది చివర్లో న్యూఢిల్లీలో జరిగిన ప్రపంచ సంఘాల మండలి మహాసభ ఆయన్ని తన అధ్యక్షుల్లో ఒకరిగా ఎన్నుకుంది. 1967లో అమెరికా బాంబులు పడుతున్న హనోయికి వెళ్లి హోచిమిన్‌ను కలిశాడు.

1984 మార్చి 6న, 92వ ఏట వీస్‌బాడెన్‌లో కన్నుమూశాడు. అప్పటికి బెర్లిన్ గోడ ఇంకా నిలిచే ఉంది.