విలియం రాక్స్‌బర్గ్: వృక్షనామ నిర్ణయము – తెలుగుపేర్ల స్థానము

ప్రాచీన వాఙ్మయమున ఒక వృక్షనామము తారసిల్లినపుడు వ్యాఖ్యాతకును, నిఘంటుకారునకును ఎదురగు ప్రశ్న ఒక్కటే: ఈ పేరు ఏ మొక్కకు చెందినది? అమరకోశములోని వనౌషధివర్గము పర్యాయపదములను సమృద్ధిగా ఇచ్చినది. కాని ఆకు ఎట్టిది, పూవు ఎట్టిది, కాయ ఎట్టిది అని వర్ణించుట కోశమునకు ప్రయోజనము కాదు. పలాశము, కింశుకము, పర్ణము ఒకే వృక్షమని కోశము చెప్పగలదు. ఆ వృక్షము మన మోదుగయే అని నిర్ణయించుటకు పేరును, వస్తువును ఒకచోట చేర్చి చూచినవారి సాక్ష్యము కావలెను. తెలుగునేల మొక్కల విషయమున అట్టి సాక్ష్యమును విస్తారముగా సమకూర్చినవారిలో ప్రథమగణ్యుడు విలియం రాక్స్‌బర్గ్. భారతీయ వృక్షశాస్త్ర పితామహుడని ప్రసిద్ధి చెందిన ఇతని కృషికి పునాది పడినది కలకత్తాలో కాదు, సామర్లకోటలో.

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండు దేశమున ఎయిర్‌షైరు ప్రాంతములో జన్మించినాడు. ఎడింబరో విశ్వవిద్యాలయములో వైద్యము అభ్యసించుచు, జాన్ హోప్ అను ఆచార్యుని వద్ద వృక్షశాస్త్రము నేర్చినాడు. హోప్ లిన్నేయస్ పద్ధతిని బోధించినవాడు. స్వీడను దేశీయుడైన లిన్నేయస్ 1753లో ప్రకటించిన గ్రంథములో ప్రతి మొక్కకు రెండు పదముల పేరును స్థిరపరచినాడు. మొదటి పదము ప్రజాతిని, రెండవ పదము ఆ ప్రజాతిలోని జాతిని తెలుపును. పూవులోని కేసరముల సంఖ్యను, అమరికను బట్టి మొక్కలను 24 తరగతులుగా విభజించుట అతని పద్ధతి. ఈ విద్యతో రాక్స్‌బర్గ్ 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా మద్రాసులో ఉద్యోగమున చేరినాడు.

1781 నుండి అతడు సామర్లకోటలో నివసించినాడు. లిన్నేయస్ శిష్యుడు యోహాన్ కోనిగ్ అప్పటికే దక్షిణదేశమున మొక్కలను సేకరించుచుండెను. ఇరువురికి మైత్రి కుదిరినది. 1785లో కోనిగ్ కాకినాడ జగన్నాథపురములో మరణించినపుడు రాక్స్‌బర్గే అతనికి వైద్యము చేసినాడు. విశాఖపట్టణమున ఉండి పాములను, మొక్కలను పరిశీలించిన పాట్రిక్ రస్సెల్ స్వదేశమునకు వెడలిన పిమ్మట, 1789లో కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుని బాధ్యత రాక్స్‌బర్గ్‌కు సంక్రమించినది.

సామర్లకోట తోటలో అతడు మిరియము, నీలి, కాఫీ, చెరకు మొదలగువానిని పెంచి పరీక్షించినాడు. కంపెనీకి లాభము చేకూర్చుట ఈ తోట ఉద్దేశ్యమనుటలో సందేహము లేదు. 1787 నాటి ఉప్పెనలో అతని పుస్తకములు, పత్రములు, ఎండబెట్టిన మొక్కల నమూనాలు నష్టమైనవి. తరువాత రెండు మూడేండ్లకే ఉత్తర సర్కారులలో ఘోరక్షామము సంభవించినది. జీలుగుచెట్టు దవ్వను తిని ప్రాణములు నిలుపుకొన్నవారిని గూర్చి అతడు వ్రాసినాడు. కొబ్బరి, పనస, అరటి వంటి చెట్లను విరివిగా నాటించిన కరవుకాలమున ప్రజలకు ఆధారమగునని ప్రభుత్వమునకు సూచించినాడు. ఏ చెట్టు తినదగినదో ఎరిగిన జనుల జ్ఞానమును అతడు శాస్త్రవిషయముగా గ్రహించినాడనుటకు ఇది నిదర్శనము.

అతని పరిశీలనా పద్ధతిలో మూడు అంగములు కలవు. మొదటిది, బ్రతికియున్న మొక్కను ఎదుట ఉంచుకొని చేసిన వర్ణనము. ఎండిన నమూనాలో పూవు రంగు, రసము, వాసన నిలువవు. యూరపులోని పండితులకు లభ్యము కాని వివరములు అందుచేతనే ఇతని గ్రంథములలో లభించుచున్నవి. రెండవది చిత్రము. దేశీయ చిత్రకారులను నియమించి మొక్కను నిజపరిమాణమున గీయించి, పూవు భాగములను విడదీసి చూపించినాడు. మూడవది, స్థానికులు పిలుచు పేరు. తెలింగుల పేరని పేర్కొని తెలుగుపేర్లను తన వర్ణనలలో చేర్చినాడు. ఈ చిత్రములలో 500 లండనుకు చేరగా, వానినుండి ఎంపిక చేసిన 300 చిత్రములతో కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చిన గ్రంథము 1795 నుండి మూడు సంపుటములుగా వెలువడినది.

1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా సమీపమున శిబ్‌పూర్ వృక్షోద్యానమునకు అధికారిగా వెడలినాడు. సంస్కృతపండితుడు విలియం జోన్స్ మొక్కల సంస్కృతనామములపై ఆసక్తి చూపినవాడు. 1794లో జోన్స్ మరణించిన పిమ్మట, అతని స్మృతికై అశోకవృక్షమునకు రాక్స్‌బర్గ్ జోనేసియా అశోకా అని పేరు పెట్టినాడు. కాని ఇదే లక్షణములు గల ప్రజాతికి లిన్నేయస్ 1767లోనే సరాకా అను పేరు పెట్టియుండుటచే, పూర్వనామమే చెల్లవలెనను నియమము ననుసరించి జోన్స్ పేరు తొలగిపోయినది. చాలకాలము మన అశోకమును జావాద్వీపపు చెట్టుతో ఏకముచేసి సరాకా ఇండికా అనిరి. 1960ల చివర ఈ రెండును వేరు జాతులని తేలిన పిమ్మట మన చెట్టు సరాకా అశోకా అయినది. గౌరవార్థము పెట్టిన పేరు పోయి, సంస్కృతపదము నిలిచినది. వీథులలో అశోకమని పెంచుచున్న నరమామిడి వేరు చెట్టనియు, ఆయుర్వేద ద్రవ్యము అది కాదనియు నిర్ణయించునపుడు ఈ భేదము ఆవశ్యకమగుచున్నది.

తెలుగుపదమునకు ఇట్టి స్థానము దక్కిన ఉదాహరణము సోమిద. దీని బెరడు జ్వరమునకు సింకోనా బదులు పనికివచ్చునా అని పరీక్షించి, రాక్స్‌బర్గ్ 1793లో ఒక చిన్న పుస్తకము ప్రకటించినాడు. చెట్టును అమెరికా మహాగని ప్రజాతిలో చేర్చి స్వీటేనియా ఫెబ్రిఫ్యూగా అన్నాడు. మహాగని గింజకు ఒక కొననే రెక్క ఉండును. సోమిద గింజకు రెండు కొనల రెక్కలుండును. ఇట్టి భేదములను బట్టి 1830లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆడ్రియన్ ద జుస్స్యూ దీనిని వేరుచేసి, రాక్స్‌బర్గ్ నమోదుచేసిన తెలుగుపేరునే ప్రజాతి నామముగా గ్రహించి సోయ్‌మిడా అన్నాడు. వర్గీకరణము మారినను స్థానికనామము నమోదైయుండుటచే ఆ పదము ప్రపంచశాస్త్రమున స్థిరపడినది.

రాక్స్‌బర్గ్ అనారోగ్యముచే 1813లో భారతదేశమును విడిచి, 1815లో ఎడింబరోలో మరణించినాడు. ప్రధానగ్రంథమైన ఫ్లోరా ఇండికా అప్పటికి అచ్చు కాలేదు. ఉద్యానములోని సుమారు 3500 మొక్కల పట్టికను శ్రీరామపురమున విలియం కేరీ 1814లో ప్రకటించినాడు. కేరీ తెలుగు వ్యాకరణము వెలువడినదియు ఆ సంవత్సరమే. పట్టికలోని పేర్లలో అధికభాగమునకు వర్ణనము లేదు. వర్ణనము లేని పేరు శాస్త్రమున చెల్లదు. ఫ్లోరా ఇండికా మొదటి సంపుటము 1820లో, పూర్ణరూపము 1832లో వెలువడినవి. ఈ ఆలస్యములో ఇతరులు ముందుగా ప్రకటించిన పేర్లకే ప్రామాణ్యము లభించి, రాక్స్‌బర్గ్ పేర్లు కొన్ని పర్యాయములుగా మిగిలినవి. మోదుగకు అతడు పెట్టిన బ్యూటియా ఫ్రాండోసా అను పేరులో ప్రజాతినామము నిలిచినను, జాతినామమునకు బదులు పూర్వప్రకటితమైన మోనోస్పెర్మా చేరినది.

అతడు కలకత్తాలో విడిచిన చిత్రములు 2500కు మించినవి. నమూనా దొరకని పలు పేర్ల విషయమున నేటి శాస్త్రజ్ఞులు చిత్రమునే ప్రమాణముగా ఎన్నుకొనుచున్నారు. ఒక జాతికి నిర్వచనమే ఆ చిత్రమైనపుడు దానిని గీసిన చేయి ఎవరిదని తెలియుట ఉచితము. కాని కోరమాండల్ సంపుటములలో ఆ దేశీయ చిత్రకారుల పేర్లు లేవు. మొక్కపేరు చెప్పిన గ్రామీణుల పేర్లును లేవు. ప్రతి మొక్క పేరును జాగ్రత్తగా గ్రహించిన గ్రంథములో ఈ లోపము గణనీయమైనది.

మనకు ఇందు జరుగవలసిన పని ఇంకను కలదు. బ్రౌను నిఘంటువు వృక్షనామముల వద్ద రాక్స్‌బర్గ్‌ను పేర్కొనుచున్నది. అయితే తెలుగుపదములు ఆంగ్లలిపిలో, విదేశీయుని చెవికి వినబడినట్లు వ్రాయబడినవి. హ్రస్వదీర్ఘములు, దకార డకార భేదములు వానిలో స్పష్టము కావు. కనుక ఆ పేర్లను నేటి పల్లెలలో వినబడు రూపములతోను, నిఘంటురూపములతోను పోల్చి, వర్ణనమును, చిత్రమును సరిచూచి పరిష్కరింపవలెను. వృక్షశాస్త్రజ్ఞుడు మొక్కను గుర్తించగలడు. పదస్వరూపమును నిర్ణయించుట భాషాపండితుని పని. ఇరువురును కలసినప్పుడే రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఆరంభించిన కార్యము తెలుగుభాష పక్షమున పూర్తియగును.