తృప్తి నేర్పిన వైద్యురాలు – డాక్టర్ అన్నా సారా కుగ్లర్ అమ్మగారు



పౌలు భక్తుడు ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక 4వ అధ్యాయములో తృప్తిని గూర్చిన బోధ, ఆ సంఘము పంపిన కానుకకు కృతజ్ఞత ఒకే చోట ఉన్నవి. ఈ రెంటిని కలిపి మన గుంటూరు సీమలో జీవించి చూపిన దైవసేవకురాలు డాక్టర్ కుగ్లర్ అమ్మగారు.

ఆమె 1856 ఏప్రిల్ 19న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రములో జన్మించి, 1879లో వైద్యవిద్య ముగించారు. ఆ దినములలో మన దేశములో అనేకమంది స్త్రీలు పురుష వైద్యునికి చేయి చూపించేవారు కారు. రోగము ముదిరినా ఇంటిలోనే బాధపడేవారు. వారికొరకు ఆమె లూథరన్ మిషను తరఫున 1883 నవంబరులో గుంటూరు చేరారు. అయితే మిషను వారు వైద్యసేవకు ఇంకా సిద్ధపడనందున ఆమెకు బోధన పని అప్పగించారు.

చదివిన చదువు ఒకటి, ఇచ్చిన పని మరొకటి. అమ్మగారు అలిగి తిరిగి వెళ్లలేదు. అప్పగించిన పని చేస్తూనే రోగులను చూచారు. మొదటి సంవత్సరములోనే ఇండ్లకు వెళ్లి 185 మందికి, తమ నివాసములో 276 మందికి వైద్యము చేశారు. 1885 చివరిలో మిషను ఆమెను వైద్యురాలిగా నియమించినది. 1893లో డిస్పెన్సరీ, 1898 జూన్ 23న ఆసుపత్రి ప్రారంభమైనవి.

తనకు దొరికినదానితో ఆమె సరిపెట్టుకున్నారు గాని, పొరుగువారి బాధతో సరిపెట్టుకోలేదు. క్రైస్తవ తృప్తి ఇదేనని మేము తలంచుచున్నాము.

ఇచ్చే చేయిని చూచి మరొక చేయి కదిలినది. ఏలూరు జమీందారు రాజా భుజంగరావుగారు కృతజ్ఞతతో రోగుల బంధువులు దిగుటకు సత్రము కట్టించారు. 47 సంవత్సరముల పరిచర్య తరువాత 1930 జూలై 26న, తాము నిలిపిన ఆసుపత్రిలోనే అమ్మగారు ప్రభువునందు నిద్రించారు. ఆ ఆసుపత్రికి ఆమె పేరే నిలిచినది.

మన వినుకొండ ప్రాంతములో పత్తికి, మిరపకు ధర పలికిన ఏడు ఇంకొక ఎకరము కౌలుకు చూస్తాము. ధర పడిన ఏడు కానుక తగ్గిస్తాము. ఏ ఏడైనా చాలలేదనే అంటాము. అదే ఏట మన వీధిలో ఒక తల్లి గుంటూరు ఆసుపత్రికి బస్సు చార్జీ లేక ఆగిపోవచ్చును. పంట అమ్మిన దినమున అట్టివారి వాటా ముందుగా తీసి ఉంచుదము. వెంట వెళ్లుటకు మనిషి లేకుంటే మనమే వెళ్లుదము.