భోగమునందు మెలకువ, కష్టమునందు ఓరిమి: ద్రాక్షారామమును కీర్తించిన శ్రీనాథుడు

పంచారామములలో నొకటిగాను, మాణిక్యాంబాదేవి కొలువైన శక్తిపీఠముగాను ద్రాక్షారామము ఆంధ్రదేశమున సుప్రసిద్ధము. రామచంద్రపురమునకు సమీపమున వెలసిన ఈ క్షేత్రమున భీమేశ్వరస్వామి రెండంతస్తుల ఎత్తుగల స్ఫటికలింగరూపమున నెలకొనియున్నాడు. భక్తులు క్రింది అంతస్తున స్వామి పాదభాగమును, మీది అంతస్తున శిరోభాగమును దర్శింతురు. తూర్పు చాళుక్యుల నాటినుండియు రాజులు, రాణులు, వర్తకులు ఇచట గోవులను, గొఱ్ఱెలను దానము చేసి అఖండదీపములు నిలిపిరి. ఆ దానముల వివరములు ఆలయపు స్తంభములపైనను, గోడలపైనను శాసనములై నేటికిని కనిపించును. ఆనాటి దీపములు కొండెక్కి శతాబ్దములైనది. ఈ స్వామి వైభవమును తెలుగు పద్యములలో నిలిపి, ఆరని దీపము వెలిగించినవాడు శ్రీనాథ మహాకవి.

శ్రీనాథుని పేరు వినగానే లోకులకు భోగమే జ్ఞప్తికి వచ్చును. పట్టుబట్టలు, పరిమళద్రవ్యములు, రుచిగల భోజనము, రాజసభలు: ఆయనను గూర్చి ప్రచారమందున్న కథలలో సగము వీని చుట్టునే తిరుగును. సంతోషముగా, స్థిమితముగా బ్రతుకుట యెట్లో తెలిసికొనగోరువారు యోగులను, సన్న్యాసులను ఆశ్రయింతురే కాని ఇట్టి కవిని తలంపరు. అయినను సంసారికి ఈయన జీవితమే ఎక్కువ ఉపయోగించును. కలిగిననాడు ఎఱుకతో అనుభవించుట, పోయిననాడు మతి చలింపక నిలుచుట ఇల్లు వాకిలి గలవారందరికిని కావలసిన విద్యలు. అడవికి పోయినవారికి వీనితో అంత అవసరముండదు.

శ్రీనాథుడు 14వ శతాబ్ది చివరి భాగమున పాకనాటి నియోగి కుటుంబమున జన్మించెను. తండ్రి మారయ, తల్లి భీమాంబ. భీమేశ్వరుని పురాణము చెప్పబోవు కవికి తల్లి పేరు ఇట్లమరుట ముచ్చటగా నున్నది. తాత కమలనాభామాత్యుడు స్వయముగా కవి. శ్రీనాథుడు బాల్యముననే మరుత్తరాట్చరిత్రమును, తొలియౌవనమున శాలివాహన సప్తశతిని రచించెను గాని ఆ కావ్యములు మనకు దక్కలేదు. కొండవీటిని పెదకోమటి వేమారెడ్డి (1402-1420) పాలించుచున్న కాలమున ఆ ఆస్థానమున విద్యాధికారియై, రాజు చేసెడి దానములకు శాసనశ్లోకములు కూర్చుట మున్నగు కార్యములు నిర్వహించెను. శ్రీహర్షుని సంస్కృత నైషధమును తెనిగించి మామిడి సింగనామాత్యునకు అంకితమిచ్చెను. హరవిలాసమును అవచి తిప్పయసెట్టికి ఇచ్చెను. సింహళమునుండి ఏనుగులను, హురుమంజినుండి గుఱ్ఱములను, చీనానుండి పట్టుబట్టలను తెప్పించు మహావర్తకుడు ఆ సెట్టి. ఇట్టివారి స్నేహమున శ్రీనాథునకు లోటన్నది లేకుండెను.

లోటు తగిలినప్పుడు మాత్రము ఊరకుండలేదు. పలనాటికి పోయి, వరియన్నము దొరకక జొన్నకూడు తినవలసివచ్చినందుకు పద్యములలో విసుగుకొనెనందురు. విజయనగరమున ప్రౌఢదేవరాయల (1424-1446) దర్శనమునకై వేచియున్న దినములలో అచటి వేషమును, అచటి వంటకములును సరిపడక సతమతమయ్యెనందురు. ఇవి చాటుపద్యములవలన తెలియవచ్చెడి సంగతులు. ఆ చాటువులన్నియు ఆయనవే యని నిర్ణయించుటకు వీలులేకున్నను, తెలుగువారు ఆయనను ఎట్లు జ్ఞాపకముంచుకొనిరో వానివలన స్పష్టమగును. కూటికై విసుగుకొనుట మెచ్చదగిన గుణము కాదు. కాని ఆ విసుగునందొక మెలకువ కలదు. తినునది జొన్నయో వరియో ఎఱుగక, మనస్సు ఎక్కడనో నిలిపి మ్రింగువాడు జొన్నకు విసుగుకొనడు, వరికి సంతోషింపడు. శ్రీనాథునకు నోటిలోని ముద్ద, కంటియెదుటి నది, చెవిని సోకిన శబ్దము ఏదియు అలక్ష్యమైనది కాదు. ఆ విజయనగరముననే ఆయన గౌడ డిండిమభట్టును వాదమున జయించి, వాని కంచుఢక్కను పగులగొట్టించి, ముత్యాలశాలలో కనకాభిషేకము పొందెను. కవిసార్వభౌముడన్న బిరుదు దక్కెను.

కొండవీటి ప్రభువుల వైభవము అస్తమించిన పిమ్మట రాజమహేంద్రవరపు రెడ్డిరాజులు ఆయనకు ఆశ్రయమైరి. అచట వేమారెడ్డియు, ఆతని తమ్ముడు వీరభద్రారెడ్డియు ప్రభువులు. బెండపూడి అన్నయ వారి మంత్రి. ఈ అన్నయమంత్రి పారసీభాష నేర్చి కాకితముమీద లేఖలు వ్రాయగలవాడని శ్రీనాథుడు ప్రత్యేకముగా ప్రశంసించెను. తాళపత్రములు చెల్లుచున్న ఆ దినములలో అది వింతయే. ఆ మంత్రికి అంకితముగా వెలసినది భీమేశ్వరపురాణము. భీమఖండమని వ్యవహరింపబడు ఈ కావ్యమున ఆఱు ఆశ్వాసములు కలవు. దానికి నాయకుడు ద్రాక్షారామ భీమేశ్వరుడు. కాని కథ కదలుట మాత్రము కాశిలో, ఒక మహర్షి ఆకలితో.

కాశీవాసియైన వ్యాసుని విశ్వేశ్వరుడు పరీక్షింపదలచెను. మధ్యాహ్నవేళ వ్యాసుడు శిష్యులతో భిక్షకు బయలుదేరగా ఒక యింట వంట కాలేదనిరి. ఒక యింట మరల రమ్మనిరి. ఒక యింట దేవకార్యమనిరి. మరియొక యింట తలుపే తీయలేదు. మరునాడును అంతే. అన్నపూర్ణ నెలకొన్న పట్టణమున అన్నము పుట్టలేదు. వ్యాసుడు భిక్షాపాత్రను నడువీధిలో పగులగొట్టి, కాశీవాసులకు మూడు తరములు ధనము, విద్య, మోక్షము లేకుండ శపింపబోయెను. వేదములను విభజించినవాడు, పురాణములు చెప్పినవాడు రెండు పూటల ఆకలికి ఈ స్థితికి వచ్చెను!

అప్పుడు విశాలాక్షీదేవి సామాన్యగృహిణి రూపమున ఒక యింటి వాకిట నిలిచి ఆయనను పిలిచెను. ముందుగా మందలించెను. ఏరుకొన్న గింజలతోను, కూరాకుతోను, కందమూలములతోను కాలము గడపుచు తపస్సు చేయువారు అదే నగరమున ఎందరో కలరని, వారికి లేని కోపము ఈయనకేల కలిగెనని ప్రశ్నించెను. ఆ పిమ్మట శిష్యులతోకూడ విస్తళ్లు వేయించి కడుపునిండ పెట్టెను. కోపించినవాడు గదా యని ఆకలితో పంపలేదు. ఆకలిగొన్నవాడు గదా యని కోపమును మన్నించలేదు. భోజనము ముగిసినంతట విశ్వేశ్వరుడు కాశిని విడిచిపొమ్మని ఆజ్ఞాపించెను. ఆకలి తీరెను. కోపమువలన పోయిన కాశి మరల రాలేదు. ఇంటింట అనుదినము జరుగునదియు నిదియే. వంట ఆలస్యమైనందుకు విసిరిన మాట, వంట తిన్న తరువాతను నిలిచియే యుండును.

కాశిని విడిచి దుఃఖించు వ్యాసుడు దేవి ఆదేశము ననుసరించి దక్షిణమునకు నడచెను. శ్రీకూర్మము, సింహాచలము సేవించి పిఠాపురమువైపు వచ్చునప్పటికి అగస్త్యుడు తారసిల్లెను. ఆయనయు వింధ్యపర్వతముకొఱకు కాశిని విడిచినవాడే. కాశిని పోగొట్టుకొన్న ఇరువురు వృద్ధులు కలిసికొనిన ఆ ఘట్టము భీమఖండమున మరపురానిది. అగస్త్యుని నోట ద్రాక్షారామ మహిమను విని వ్యాసుడు సప్తగోదావరమున స్నానమాడి భీమేశ్వరుని కొలిచెను. కాశి మోక్షము నొసగును. దక్షిణకాశియైన ఈ క్షేత్రము భోగమును, మోక్షమును రెండింటిని ఒసగునని శ్రీనాథుడు పలుమారులు చెప్పెను. ఇది స్థలపురాణములలో వాడుకగా వచ్చెడి పొగడ్త మాత్రమే కాదు. అన్నమును, ఐశ్వర్యమును నిరాకరింపని స్వామి ఆ కవి హృదయమునకు నచ్చిన స్వామి. వ్యాసుని ఈ భిక్షాకథను ఆయన తరువాత వీరభద్రారెడ్డికి అంకితమిచ్చిన కాశీఖండమునను మరల చెప్పెను. బడిపిల్లల తెలుగు వాచకములలో చేరినది ఆ కాశీఖండ భాగమే.

ఇట్టి కథను రెండుమారులు చెప్పిన కవికి కడపట అదే పరీక్ష ఎదురయ్యెను. 15వ శతాబ్ది మధ్యభాగమున కపిలేశ్వర గజపతి సేనలు తీరాంధ్రమును ఆక్రమించెను. రాజమహేంద్రవరపు రెడ్డిరాజ్యము అంతరించెను. 1454 నాటికి కొండవీడును గజపతుల వశమయ్యెను. పోషించిన ప్రభువులు, మంత్రులు ఒకరి వెనుక ఒకరు గతించిరి. వార్ధక్యమున శ్రీనాథుడు కృష్ణాతీరపు బొడ్డుపల్లెను గుత్తకు తీసికొని సేద్యము చేయించెనని చాటువులు చెప్పుచున్నవి. నువ్వులను, పెసలను పక్షులు తినిపోయెను. మిగిలిన పంటను కృష్ణ వరద కొనిపోయెను. చెల్లింపవలసిన పన్ను 700 టంకములు. కనకాభిషేకము పొందిన దేహమునకు సంకెలలు తగిలించి, నగరద్వారముకడ నుండు గుండును భుజమున కెత్తి, ఎండలో నిలిపిరట.

ఆ ఎండలో ఆయన చెప్పినవిగా ప్రచారమందున్న పద్యములలో శాపము లేదు. పగులగొట్టిన పాత్ర లేదు. ఏమేమి పోయెనో, ఏ ఏ దాత లేకపోయెనో లెక్క చూచుకొనుట మాత్రము కలదు. సంకెలను, గుండును, సూర్యుని వేడిమిని కూడ ఒకనాడు పట్టుబట్టను, పరిమళమును గమనించినంత శ్రద్ధతోనే గమనించెను. కృష్ణవేణిని తల్లిగా సంబోధించెనే కాని దూషింపలేదు. జొన్నకూటికి అంతగా విసుగుకొన్నవాడు ఇంత పెద్ద దెబ్బకు విసుగుకొనకుండుట ఆశ్చర్యమే. దుఃఖింపలేదనుట సరికాదు, దుఃఖించెను. దినవెచ్చము ఎవరిచ్చెదరని బెంగపడెను. ఆ బెంగయు ఛందస్సు తప్పలేదు, ఎవరిమీదికిని పోలేదు.

మరణసమయమునకు సంబంధించినదిగా చెప్పెడి పద్యమున స్వర్గమునకు పోవుటను మరియొక రాజసభకు పోవుటవలె భావించెను. అచటి పండితులు తన రాకకు కలవరపడుదురని చమత్కరించెను.