ఉష్ణమునకు లెక్క కట్టిన హెస్

కాల్చిన సున్నపురాళ్లపై నీరు పోసినయెడల అవి పొంగి, పాత్ర ముట్టరానంత వేడెక్కును. సురేకారమును నీటిలో కరగించినచో ఆ నీరు చల్లబడును. మొదటి వేడిమి యెచ్చటనుండి వచ్చెను? రెండవచోట నున్న వేడిమి యెచ్చటికి పోయెను? ఇట్టి ప్రశ్నలకు ఓపికతో కొలిచి సమాధానము వెదకినవారిలో జర్మేన్ హెన్రీ హెస్ ముఖ్యుడు.

ఈయన 1802వ సంవత్సరమున స్విట్జర్లాండు దేశమందలి జెనీవా నగరమున జన్మించెను. తండ్రి చిత్రకారుడు. హెస్ పసివాడుగా నున్నప్పుడే ఆ కుటుంబము రష్యాకు పోయి స్థిరపడెను. ఆయన డోర్పాట్ విశ్వవిద్యాలయమున వైద్యవిద్య నభ్యసించి 1825లో పట్టమందెను. పిమ్మట స్టాక్‌హోము నగరమునకు పోయి, సుప్రసిద్ధ రసాయనవేత్తయగు బెర్జీలియస్ యొద్ద కొలదికాలము పనిచేసెను. తరువాత సైబీరియా యందలి ఇర్కుట్‌స్క్ పట్టణమున వైద్యుడుగా నుండియు, ఆ ప్రాంతపు ఖనిజములను పరీక్షించుట మానలేదు. 1830లో సెంట్ పీటర్స్‌బర్గు శాస్త్రపరిషత్తున స్థానము లభింపగా వైద్యవృత్తిని విడిచి, తన జీవితమును రసాయనశాస్త్రమునకే యర్పించెను. మరుసటి యేట రష్యను భాషలో ఆయన ప్రకటించిన రసాయనశాస్త్ర గ్రంథము పెక్కేండ్లు పాఠ్యపుస్తకముగా నుండెను.

ఆయనకు శాశ్వతకీర్తి దెచ్చినది ఉష్ణపరిశోధనము. గంధకికామ్లమును నీటితో కలిపినప్పుడు కొంత వేడిమి పుట్టును. దానిని అమ్మోనియాతో చేర్చి లవణముగా మార్చినప్పుడు మరికొంత పుట్టును. హెస్ నీటి పాలును మార్చి మార్చి ఈ పరీక్షను జరిపెను. నీరు హెచ్చినకొలది మొదటి వేడిమి పెరిగి రెండవది తగ్గెను. కాని రెండును కూడినచో మొత్తము ఇంచుమించుగా నొక్కటియే. కొండ నెక్కువాడు మెట్లదారిని పోయినను చుట్టుదారిని పోయినను ఎక్కిన యెత్తు మారదు గదా! అట్లే రసాయన మార్పు ఒక్క మెట్టున జరిగినను పెక్కు మెట్లలో జరిగినను మొత్తము ఉష్ణము మారదని ఆయన 1840లో ప్రకటించెను. మేయర్ శక్తినిత్యత్వమును గూర్చి వ్రాయుటకు ఇది రెండేండ్లు ముందు.

ఆయన మరియొక వింతను గాంచెను. రెండు తటస్థ లవణముల ద్రావణములను కలిపినప్పుడు సాధారణముగా వేడియు చలువయు కలుగలేదు. దీనికి కారణము ఆనాటివారెవ్వరును ఎరుగరు. అయినను హెస్ తాను చూచినదానిని దాచక, మార్చక, ఉన్నదున్నట్లు వ్రాసెను. ఆయన 1850లో, 48వ యేట మరణించెను. ఆ చిక్కుముడి విప్పినవాడు స్వీడను దేశీయుడగు అరీనియస్. లవణములు నీటిలో కరగినప్పుడే విద్యుదావేశముగల అయానులుగా విడిపోవునని ఆయన 1887లో తెలిపెను. ముందే విడిపోయిన అయానులకు ద్రావణములు కలిసినప్పుడు క్రొత్తగా జరుగు మార్పేమియు లేదు. అందుచేతనే వేడిమియు పుట్టదు.

హెస్ సూత్రము నేటికిని మనకు తోడ్పడుచున్నది. సోడియము లోహమును క్లోరిను వాయువును కలిసి 58.5 గ్రాముల ఉప్పు ఏర్పడునప్పుడు సుమారు 411 కిలోజౌళ్ల వేడిమి వెలువడును. ఆ ఉప్పు స్ఫటికమందలి అయానులను పూర్తిగా వేరుచేసి వాయుస్థితికి దెచ్చుటకు సుమారు 787 కిలోజౌళ్లు కావలెను. ఈ రెండవదానిని నేరుగా కొలుచుట సాధ్యము గాదు. బోర్న్, హేబర్ అను జర్మను శాస్త్రజ్ఞులు 1919లో హెస్ చూపిన చుట్టుదారినే పట్టి, కొలువదగిన మెట్లనుండి దానిని లెక్కగట్టు విధానమును నిర్మించిరి. ఉప్పు నీటిలో కరగునపుడు నీటి అణువులు అయానులను చుట్టుకొని ఆ వ్యయమును దాదాపు పూర్తిగా తీర్చును. లోటు సుమారు 4 కిలోజౌళ్లు మాత్రమే. ఆ కొంచెమును నీటినుండి తీసికొనుటచే ఉప్పునీరు లేశమాత్రము చల్లబడును. సురేకారమున నీ లోటు ఎక్కువ. కావున చలువయు ఎక్కువ.

విద్యార్థులారా! ప్రయోగశాలలో మీ కొలత పుస్తకమునకు సరిపడనప్పుడు దానిని దిద్దివేయ దలంపకుడు. మరల కొలువుడు; అప్పుడును అదియే వచ్చినచో అట్లే వ్రాయుడు. హెస్ వ్రాసి యుంచిన వింతకు అర్థము చెప్పువాడు ఆయన గతించిన 37 ఏండ్లకు వచ్చెను. ఆనాడు ఆయన దానిని వ్రాయకున్న, అరీనియస్ సిద్ధాంతమునకు ఒక మంచి సాక్ష్యము కొరవడెడిది.