రాయవేలూరు డాక్టరమ్మ ఐడా స్కడర్: మన పిల్లల నర్సు చదువుకి దారి వేసిన మనిషి



పోయిన నెల మా చెల్లెలి మనవరాలు తిరుత్తణి నుంచి తిరువళ్ళూరుకి నన్ను చూడటానికి వచ్చింది. బి.ఎస్సీ. నర్సింగ్ పూర్తి చేసి, నర్సుల కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకుని, ఉద్యోగం కోసం చూస్తున్న పిల్ల. ఉద్యోగం వచ్చింది కానీ ఇంట్లో గొడవ. ఆ ఉద్యోగం మామూలు ఆసుపత్రిలో కాదు. మానసిక జబ్బు ఉన్నవాళ్ళు కొన్ని వారాలో నెలలో అక్కడే ఉండి వైద్యం చేయించుకునే కేంద్రంలో. మందులతో పాటు యోగా, తోటపని, చేతిపని, ఇంటివాళ్ళతో మాటలు అన్నీ కలిపి చూసే చోటు. పిచ్చివాళ్ళ మధ్య ఉద్యోగం చేస్తే రేపు పెళ్ళెలా అవుతుందని మా చెల్లెలు రెండు రోజులు అన్నం మానేసింది. తాతా, నువ్వైనా చెప్పు అని ఆ పిల్ల నా దగ్గరికి వచ్చింది.

నేను ముప్పయ్యేళ్ళు గుమాస్తా పని చేసినవాణ్ణి. వైద్యం గురించి చెప్పే చదువు నాకు లేదు. అందుకని ఆ పిల్లకి మన ప్రాంతంలోనే పుట్టిన ఒక డాక్టరమ్మ జీవితం చెప్పాను. అదే ఇక్కడ మీకోసం రాస్తున్నాను.

ఆమె పేరు ఐడా సోఫియా స్కడర్. 1870 డిసెంబరు 9న రాణిపేటలో పుట్టింది. అప్పుడు రాణిపేట ఉత్తర ఆర్కాటు జిల్లాలోది. మన తిరుత్తణి కూడా అదే జిల్లా. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడ్డాకే తిరుత్తణి అటు పోయింది. కాబట్టి పుట్టుకతో ఆమె మన జిల్లా మనిషే. తాత జాన్ స్కడర్ 1819లో అమెరికా నుంచి ముందు సింహళానికి, తర్వాత మద్రాసుకి వచ్చిన మిషనరీ వైద్యుడు. ఆయన ఏడుగురు కొడుకులూ ఈ దేశంలోనే పనిచేశారు. ఐడా తండ్రి కూడా వైద్యుడే.

ఐడాకి ఆరేడేళ్ళ వయసులో ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిని ఊడ్చేసిన ఆ కరువు సంగతి మన అవ్వలు వాళ్ళ అవ్వల దగ్గర విన్నదే. స్కడర్ల ఇంటి దగ్గర గంజి కేంద్రం నడిచేది. చేత్తో రొట్టె పట్టుకునే ఓపిక కూడా లేని పిల్లల నోట్లో ఆ చిన్నపిల్ల ముక్కలు తుంచి పెట్టేది. ఆ చూపులు ఆమెని వదల్లేదు. తర్వాత కుటుంబంతో అమెరికా వెళ్ళి అక్కడే చదువుకుంది. ఈ దేశానికి తిరిగి రానే కూడదని, తన జీవితం తాను హాయిగా బతకాలని నిశ్చయించుకుంది.

1890లో తల్లికి జబ్బు చేస్తే చూసుకోవడానికి దిండివనం వచ్చింది. కొన్నాళ్ళుండి వెళ్ళిపోదామనే వచ్చింది. అక్కడే ఆ రాత్రి జరిగింది. ఒకరి తర్వాత ఒకరు ముగ్గురు మనుషులు తలుపు తట్టారు. ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు ముస్లిం, ఇంకొకరు మరో హిందూ కులం ఆయన. ముగ్గురి ఇళ్ళలోనూ భార్యలు కాన్పు కష్టమై ప్రాణాల మీద ఉన్నారు. డాక్టరైన తన తండ్రి వస్తాడని ఐడా చెప్పింది. పరాయి మగవాణ్ణి లోపలికి రానివ్వడం కుదరదని ముగ్గురూ తిరిగి వెళ్ళిపోయారు. ఐడాకి వైద్యం రాదు. తెల్లవారాక డప్పుల చప్పుడు వినిపించింది. ఆరా తీస్తే ముగ్గురు ఆడవాళ్ళూ పోయారని తెలిసింది. ఆ పొద్దుటే ఆమె తల్లిదండ్రుల దగ్గరికి వెళ్ళి, అమెరికా పోయి డాక్టరు చదివి వస్తానని చెప్పింది.

చెప్పినట్టే చేసింది. ఫిలడెల్ఫియాలో మహిళా వైద్య కళాశాలలో చేరి, తర్వాత న్యూయార్క్‌లోని కార్నెల్ వైద్య కళాశాలకి మారింది. అక్కడ ఆడపిల్లలని చేర్చుకున్న మొదటి తరగతితో 1899లో పట్టా తీసుకుంది. బయల్దేరే ముందు ఆసుపత్రి కోసం చందాలు అడుగుతుంటే, షెల్ అనే ఒక పెద్దాయన చనిపోయిన తన భార్య పేరున 10 వేల డాలర్లు ఇచ్చాడు. 1900 మొదట్లో ఆమె రాయవేలూరు చేరింది. కొన్ని నెలలకే తండ్రి కన్నుమూశాడు. పక్కన ఉండి నేర్పే మనిషి లేడు. కొత్త డాక్టరు, అందులోనూ ఆడమనిషి అని జనం ముందు దగ్గరికి రాలేదు.

ఇంట్లోనే ఒక చిన్న గది, ఒక మంచం. ఆ గదితో మొదలుపెట్టిన ఆమె రెండేళ్ళలో 5 వేల మందిని చూసింది. 1902లో 40 మంచాలతో మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి తెరిచారు.

ఇక్కడ మా మనవరాలికి నేను గట్టిగా చెప్పిన విషయం ఒకటుంది. ఆ తొలి రోజుల్లో డాక్టరమ్మకి నర్సు లేదు. ఇంట్లో బట్లరు భార్య సలోమి పక్కన నిలబడి సాయం చేసేది. కత్తి పట్టేది ఒకరైతే, ఆ తర్వాత రాత్రంతా రోగి పక్కన కూర్చుని నాడి చూసి, నీళ్ళు తాగించి, కట్టు మార్చేది ఇంకొకరు. ఆ ఇంకొకరు లేకపోతే డాక్టరు చేసినదంతా వృథా. ఇది ఐడా తన చేతులతో పని చేసి తెలుసుకుంది. అందుకే డాక్టర్ల బడి కంటే ముందు, 1909లోనే నర్సుల బడి పెట్టింది.

ఆ కాలంలో నర్సు పని అంటే మన ఇళ్ళలో ఏమనుకునేవారో చెప్పక్కర్లేదు. పరాయివాళ్ళ మలమూత్రాలు ఎత్తే పని, పరువైన ఇంటి పిల్ల చేయకూడని పని అనేవారు. ఇప్పుడు మా చెల్లెలు అంటున్నదీ ఇంచుమించు అదే. మాట మారింది కానీ భయం అదే. ఆ భయం ఉన్న రోజుల్లోనే మన చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలు ఆ బడిలో చేరారు. 1926లో మద్రాసు రాజధానిలో నర్సులు, మంత్రసానుల చట్టం వచ్చింది. రిజిస్టరులో పేరుంటేనే నర్సు అనే పద్ధతి అప్పుడు మొదలైంది. ఈ రోజు మన పిల్లలు రిజిస్టర్డ్ నర్సు అని రాసుకుంటున్నారంటే దాని వెనక ఇంత కథ ఉంది.

జనం ఆసుపత్రికి రాలేకపోతే ఆసుపత్రే జనం దగ్గరికి పోవాలని ఐడా అనుకుంది. ముందు ఎడ్ల బండిలో, 1909 నుంచి ప్యూజో మోటారు కారులో వారానికోసారి గుడియాత్తం దారిన పోయేది. చింతచెట్ల కింద బండి ఆపితే ఎదురుచూస్తున్న జనం మూగేవారు. గుడియాత్తం వైపు మన తెలుగువాళ్ళ ఊళ్ళు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. రోడ్డు మీది ఆ వైద్యం మన తాతలూ ముత్తాతలూ పొందినదే.

తర్వాత ఆడపిల్లలకి డాక్టరు చదువు. బడి పెడతానంటే మద్రాసులో వైద్యశాఖ పెద్ద అధికారి నవ్వి, ఆరుగురైనా వస్తే మొదలుపెట్టమన్నాడు. 151 దరఖాస్తులు వచ్చాయి. 1918 ఆగస్టు 12న తరగతులు మొదలయ్యాయి. మొదటి ఏడాది పరీక్షకి మగపిల్లల బడుల్లో అయిదుగురిలో ఒకరు గట్టెక్కితే ఎక్కువ అనుకునే రోజులు. ఈమె శిష్యురాళ్ళు 14 మందీ గట్టెక్కారు. 1922లో ఆ 14 మందీ డాక్టర్లై బయటికి వచ్చారు.

అంతా సాఫీగా సాగలేదు. 1930ల చివర్లో ప్రభుత్వం కొత్త నియమం పెట్టింది. వైద్య విద్య విశ్వవిద్యాలయం డిగ్రీ స్థాయిలోనే ఉండాలి, లేదంటే బడి మూసుకోవాలి. అందుకు కావలసిన డబ్బూ, పరికరాలూ, ఆచార్యులూ లేరు. 70 ఏళ్ళ వయసులో ఆమె మళ్ళీ అమెరికా వెళ్ళి, యుద్ధకాలమంతా ఊరూరా తిరిగి చందాలు పోగుచేసింది. మగపిల్లలని కూడా చేర్చుకోక తప్పదన్నప్పుడు, ఆడపిల్లల కోసమే డబ్బు ఇచ్చిన పాత స్నేహితులు కొందరు దూరమయ్యారు. ఆమె ఆ బాధ మింగుకుంది. 1946లో అక్కడే నర్సింగ్‌లో డిగ్రీ చదువు మొదలైంది. దేశంలో మొట్టమొదట ఆ డిగ్రీ ఇచ్చిన చోట్లలో అది ఒకటి. మరుసటి ఏడాది ఎం.బి.బి.ఎస్.లో మగపిల్లలు చేరారు. కొన్నేళ్ళకే ఆ సంస్థకి మొదటి భారతీయ అధిపతిగా వచ్చినావిడ మన తెలుగు బిడ్డ, విశాఖపట్నంలో పుట్టిన డాక్టర్ హిల్డా లాజరస్. ఈ సంగతి మన సంఘం పిల్లలకి తప్పకుండా చెప్పాలి.

ఐడా విశ్రాంతి తీసుకుని కొడైకెనాల్‌లో ఉండగా, 1957లో రాయవేలూరు శివార్లలోని బాగాయంలో మానసిక ఆరోగ్య కేంద్రం వచ్చింది. అక్కడ ఒక నియమం పెట్టారు. రోగితో పాటు ఇంటిమనిషి ఒకరు ఉండి తీరాలి. వదిలేసి పోవడం కుదరదు. ఎత్తైన గోడల వెనక జనాన్ని తాళం వేసి ఉంచే కాలంలో అది పెద్ద మార్పు. 1960 మే నెలలో ఐడా కన్నుమూసింది. అప్పటికామెకి 89 ఏళ్ళు. అంతకు ముందు నెల, ఏప్రిల్ 1న, మన తిరుత్తణి ఆంధ్ర నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది.

ఇంటిమనిషి ఉండాలన్న నియమం విలువ నాకు తెలుసు. ఇన్నాళ్ళూ నలుగురిలో చెప్పని సంగతి, ఇప్పుడు రాస్తున్నాను. మా చిన్నాన్న కొడుకు మగ్గం నేసే వాడు. ఇరవై రెండేళ్ళ వయసులో నిద్రపోవడం మానేశాడు, తనలో తాను మాట్లాడుకునేవాడు. ముందు షోళింగర్ తీసుకెళ్ళాం. నరసింహస్వామి కొండ కింద కోనేటి స్నానాలు చేయించి కొన్నాళ్ళు ఉంచడం మన ప్రాంతపు ఆనవాయితీ. స్వామి మీద నమ్మకం నాకు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. కానీ తిరిగొచ్చాక రెండేళ్ళు వాణ్ణి వెనక గదిలో పెట్టి తాళం వేశాం. వచ్చినవాళ్ళకి ఊళ్ళో లేడని చెప్పాం. తాళం చెవి కొన్నాళ్ళు నా జేబులోనే ఉండేది. ఆ పాపంలో నా వాటా ఉంది.

చివరికి రాయవేలూరు తీసుకెళ్ళాం. మా పిన్నమ్మ వాడితో ఉంది. ఆమెకి ధైర్యం ఇచ్చింది అక్కడి ఒక నర్సమ్మ. మాత్రలు ఎప్పుడు వేయాలి, చేతులు వణికితే ఏం చేయాలి, నిద్ర తగ్గడం మొదలైతే ఎందుకు వెంటనే రావాలి అని అన్నీ వచ్చీరాని తెలుగులో ఓపికగా నేర్పింది. వాడు మళ్ళీ మగ్గం ఎక్కాడు. పూర్తిగా నయమైందని చెప్పను, మాత్రలు మానలేదు. కానీ మనిషిగా బతికాడు.

తాళాలూ గొలుసులూ ఎంత దూరం తీసుకెళ్తాయో 2001 ఆగస్టు 6న ఏర్వాడిలో చూశాం. రామనాథపురం జిల్లాలోని ఆ ఊళ్ళో ఒక ఆశ్రయంలో నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు కాలిపోయారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం గొలుసులు వేయడాన్ని నిషేధించింది. మానసిక ఆరోగ్య నర్సు అంటే ఎవరో కూడా ఆ చట్టంలోనే రాశారు. కాబట్టి ఇది చట్టం గుర్తించిన ఉద్యోగం.

ఆ ఉద్యోగంలో ఏం చేస్తారని మా చెల్లెలు అడిగింది. మనవరాలు చెప్పినదాన్ని బట్టి రాస్తున్నాను. రాత్రి ఎవరు నిద్రపోయారో, ఎవరు పోలేదో చూడాలి. మాత్ర ఇచ్చి మింగేదాకా దగ్గరుండాలి. మందు వల్ల ఒళ్ళు బిగుసుకున్నా, చేతులు వణికినా డాక్టరుకి చెప్పాలి. చనిపోవాలన్న ఆలోచన ఉన్న మనిషి చుట్టూ తాడు, బ్లేడు లేకుండా చూసుకోవాలి, కంటికి రెప్పలా కనిపెట్టాలి. తోటపనికీ యోగాకీ పిలుచుకుపోవాలి. అవి మందుకి తోడే కానీ మందుకి బదులు కావని ఇంటివాళ్ళకి నచ్చచెప్పాలి. డ్యూటీ మారేముందు ప్రతిదీ పుస్తకంలో రాయాలి. ఈ చివరిది విని నాకు నవ్వొచ్చింది. జీవితమంతా రిజిస్టర్లు రాసినవాణ్ణి కదా. నేను రాసిన లెక్క తప్పితే ఒక కాగితం తిరిగొచ్చేది. ఆ పిల్ల రాసే లెక్క తప్పితే ఒక ప్రాణం.

ఇంకో మాట. మన తిరుత్తణి, పళ్ళిపట్టు వైపు పెద్దవాళ్ళు చాలామంది మనసులో బాధ తెలుగులోనే చెప్పుకోగలరు. కడుపునొప్పిని చేత్తో చూపించొచ్చు. దిగులుని చేత్తో చూపించలేం. తెలుగు తెలిసిన నర్సు ఒకరు అక్కడ ఉంటే ఎన్ని ఇళ్ళకి మేలో ఆలోచించండి. ఇంట్లో ఎవరైనా ఇలా బాధపడుతుంటే దాచకండి. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలి మానస్ సేవలో తెలుగులోనూ తమిళంలోనూ ఉచితంగా మాట్లాడవచ్చు.

ఐడా స్కడర్ కథ విన్నాక మా చెల్లెలు అన్నం తింది కానీ సరే అనలేదు. మనవరాలు వచ్చే సోమవారం ఉద్యోగంలో చేరుతోంది. మొదటి రోజు దింపి రావడానికి నేను వెళ్తున్నాను. మా చెల్లెల్ని కూడా రమ్మని అడిగాను. చీర ఏది కట్టుకోవాలో చూస్తోందని నిన్న ఫోన్లో తెలిసింది.

ఇట్లు,
మీ సంఘం కార్యదర్శి,
తిరువళ్ళూరు