వాంకెల్ ఇంజనూ, మా మేనల్లుడి విమానమూ

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు కోరారు. ఈమధ్య నాకు నిద్ర పట్టకుండా చేసిన ఒక ఇంజను గురించీ, దాన్ని కనిపెట్టిన మనిషి గురించీ వ్రాస్తున్నాను.

ఉద్యోగకాలమంతా బేగంపేటలో విమాన ఇంజన్ల మధ్య గడిపి, విరమణ తరువాత కొత్వాల్‌గూడలో స్థిరపడ్డాను. 2008లో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక ఆ చప్పుడు నన్ను వెతుక్కుంటూ ఇక్కడికే వచ్చింది. అమెరికాలో ఉన్న మా అక్క కొడుకు ఇద్దరు కూర్చునే విమానాన్ని సొంతంగా కట్టుకుంటున్నాడు. దాని పిస్టన్ ఇంజను తీసేసి మాజ్దా కారు రోటరీ ఇంజను పెట్టనా అని ఫోనులో అడిగాడు. వాల్వులు లేవు, కదిలే భాగాలు తక్కువ, అదురు తక్కువ. పెట్టమన్నాను. మర్నాడు అక్క ఫోను చేసి, పిల్లవాడు క్షేమంగా దిగుతాడు కదా అని మాత్రం అడిగింది. జవాబు చెప్పలేక, ఫెలిక్స్ వాంకెల్ జీవితాన్ని మళ్ళీ చదివాను.

ఆయన 1902 ఆగస్టు 13న జర్మనీలోని లార్ పట్టణంలో జన్మించాడు. తండ్రి 1914లో యుద్ధంలో పోయాడు. ఇంజనీరింగు కళాశాల మెట్లెక్కలేదు. చూపు మందం, డ్రైవింగు లైసెన్సు ఎన్నడూ లేదు. 1924లో హైడెల్‌బర్గ్‌లో చిన్న వర్క్‌షాపు పెట్టి, 1929లో రోటరీ ఇంజనుకు పేటెంటు పొందాడు. దాచరాని మచ్చ కూడా ఉంది. యౌవనంలోనే నాజీలతో చేరాడు. వారితో తగాదాపడి 1933లో కొన్ని నెలలు జైలులో ఉన్నా, 1940లో ఎస్.ఎస్.లో చేరాడు. యుద్ధం ముగిశాక ఫ్రెంచివారు వర్క్‌షాపును విప్పేసి, ఆయనను నిర్బంధించారు.

1951లో ఎన్.ఎస్.యు. కంపెనీతో ఒప్పందం కుదిరి, 1957 ఫిబ్రవరి 1న ఆయన ఇంజను మొదటిసారి తిరిగింది. అందులో రోటరుతోపాటు దాని చుట్టూ ఉన్న గది కూడా తిరిగేది. ప్లగ్గు మార్చాలన్నా ఇంజను విప్పాలి. కంపెనీ ఇంజనీరు పాష్కె గదిని కదలకుండా బిగించి, మూడు మూలల రోటరు ఒక్కటే తిరిగేలా మార్చాడు. వాంకెల్‌కు అది నచ్చలేదు. కానీ లోకంలో నిలిచింది అదే.

అసలు చిక్కు ఆ మూలల సీళ్ళది. 1967లో ఎన్.ఎస్.యు. రో 80 కారు తెచ్చింది. సీళ్ళు అరిగిపోయి, గ్యారంటీ కింద ఇంజన్లు మార్చలేక కుదేలై, 1969లో ఆడీతో కలిసిపోయింది. జపాన్ మాజ్దా 1961లోనే ఒప్పందం చేసుకున్నా, గది గోడపై సీళ్ళు గీసే గీతలు పోయేదాకా ఏళ్ళతరబడి పరీక్షలు చేసి, 1967లో తన కారు తెచ్చింది. 1991లో లె మాన్స్ 24 గంటల పందెం గెలిచింది. అది చూడటానికి వాంకెల్ లేడు. 1988 అక్టోబరు 9న మరణించాడు.

చదివాక మేనల్లుడికి ఉత్తరం వ్రాశాను. షాఫ్టు నిమిషానికి 6,000 చుట్లు తిరిగితే ప్రొపెల్లరుకు 2,500 ప్రాంతంలో చాలు. మధ్యలో గేరు కావాలి. పొగగొట్టం వేడి ఎక్కువ, రేడియేటరు తప్పదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ఇంజను మాజ్దా పరీక్షించినదే. చుట్టూ బిగించేదంతా మాత్రం తనే పరీక్షించుకోవాలి. ముందు నేలమీద స్టాండుకు బిగించి వందల గంటలు తిప్పమనీ, అంతవరకు పాత ఇంజనుతోనే ఎగరమనీ వ్రాశాను.

పోయిన నెల స్టాండు కట్టాడట. అక్కకు జవాబు చెప్పాను. తొందరపడి ఇచ్చిన సలహాను వెనక్కి తీసుకోవడానికి ఈ వయసులోనూ సిగ్గుపడనక్కరలేదు.