సమాజశాస్త్రవేత్త చార్లెస్ జాన్సన్

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 1865లో బానిసత్వం చట్టరీత్యా అంతరించింది. కాని సంకెళ్లు తెగినంత మాత్రాన సమానత్వం సిద్ధించలేదు. దక్షిణాది రాష్ట్రాలలో పాఠశాల, రైలుపెట్టె, ఆసుపత్రి, చివరకు శ్మశానవాటిక కూడా ఒంటిరంగును బట్టి వేరుపడ్డాయి. ఆ విభజన బలపడుతున్న రోజులలో, 1893 జులై 24న వర్జీనియా రాష్ట్రంలోని బ్రిస్టల్ పట్టణంలో చార్లెస్ స్పర్జన్ జాన్సన్ జన్మించాడు. తండ్రి బానిసగా పుట్టి విముక్తి పొందినవాడు, బాప్టిస్టు మతబోధకుడు. ఇంట పుస్తకాలకు కొదవ లేదు.

బాల్యంలో జరిగిన ఒక చిన్న సంఘటన జాన్సన్ మనస్సులో చెరగని ముద్ర వేసింది. తల్లితో కలిసి అంగడికి వెళ్లినప్పుడు దారిలో ఒక మందుల దుకాణంలో కూర్చుని సోడా తాగడం ఆ పిల్లవాడికి అలవాటు. ఒకనాడు ఆ దుకాణదారు ఇకమీదట వారికి అక్కడ కూర్చునే వీలు లేదని చెప్పాడు. మనుషులు వారే, దుకాణమూ అదే. మారినది కట్టుబాటు మాత్రమే. ఇటువంటి కట్టుబాట్లు ఎక్కడ పుడతాయి, ఎవరు పుట్టిస్తారు అనే ప్రశ్న ఆయనను జీవితాంతం వెంటాడింది.

రిచ్మండ్ నగరంలోని వర్జీనియా యూనియన్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న కాలంలో పేదలకు క్రిస్మస్ కానుకలు పంచే పని ఆయన చేపట్టాడు. అలా తిరుగుతూ పాడుపడిన ఒక ఇంటిలో ప్రసవవేదన పడుతున్న ఒక యువతిని చూశాడు. వైద్యుణ్ణి పిలుచుకొని వచ్చాడు కాని, ఆమెను చేరదీయడానికి అయినవారు గాని ఇరుగుపొరుగువారు గాని ముందుకు రాలేదు. వారు తప్పంతా ఆమెదేనన్నారు. తప్పు నిజంగా ఎవరిది అన్న ఆలోచన జాన్సన్‌ను సమాజశాస్త్రం వైపు నడిపించింది. 1916లో పట్టం పుచ్చుకొని చికాగో విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ రాబర్ట్ పార్క్ అనే ప్రసిద్ధ ఆచార్యుడు ఆయనకు గురువయ్యాడు. ఆవేశాన్ని అదుపులో ఉంచుకొని, ఎదుటి మనిషి జీవితాన్ని ఓపికగా పరిశీలించడం ఆ గురువు నేర్పిన విద్య.

మొదటి ప్రపంచ యుద్ధంలో జాన్సన్ ఫ్రాన్సులో సైనికుడిగా పనిచేశాడు. స్వేచ్ఛ కోసం జరుగుతున్న యుద్ధమని చెప్పి పంపిన దేశం, తిరిగివచ్చిన నల్లజాతి సైనికుడికి స్వేచ్ఛ ఇవ్వలేదు. ఆయన చికాగో చేరిన కొద్ది రోజులకే, 1919 జులై 27న ఘోరం జరిగింది. మిచిగాన్ సరస్సులో తెల్లవారికి ప్రత్యేకించుకున్న భాగం వైపు ఒక నల్లజాతి బాలుడు కొట్టుకొని వచ్చాడు. ఒడ్డు నుండి ఒక తెల్లవాడు రాళ్లు రువ్వాడు. బాలుడు మునిగి మరణించాడు. ఆ తరువాత చెలరేగిన అల్లర్లలో 38 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో 23 మంది నల్లవారు, 15 మంది తెల్లవారు. ఐదువందల మందికి పైగా గాయపడ్డారు.

అల్లర్ల కారణాలను విచారించడానికి ఇల్లినాయి రాష్ట్ర ప్రభుత్వం ఒక సంఘాన్ని నియమించింది. దాని పరిశోధన భారం చాలావరకు ఈ యువకుడి భుజాలమీద పడింది. 1922లో వెలువడిన ఆ నివేదిక ఏడువందల పుటల సుమారు గ్రంథం. ఇళ్ల కొరత, కూలి రేట్లు, వలస, పత్రికల వార్తలు, వదంతులు - వీటన్నిటినీ అది ఒక్కొక్కటిగా విప్పి చూపింది. అల్లరి ఒక్కనాటి కోపం నుండి పుట్టలేదని, ఏళ్ల తరబడి పేరుకున్న అన్యాయం నుండి పుట్టిందని చదివినవారికి బోధపడింది. తన జాతి నెత్తురు వీధులలో పారగా చూసినవాడు ఇంత నిగ్రహంతో వ్రాయగలగడం సామాన్యమైన విషయం కాదు.

1921లో జాన్సన్ న్యూయార్క్ చేరి, నేషనల్ అర్బన్ లీగ్ అనే సంస్థలో పరిశోధన విభాగాన్ని నడిపాడు. 1923లో ఆ సంస్థ పక్షాన ఆపర్చునిటీ అనే మాసపత్రిక ప్రారంభమైంది, ఆయనే సంపాదకుడు. గణాంకాలు పోగుచేసే మనిషికి కవిత్వంతో ఏమి పని అని ఎవరికైనా అనిపించవచ్చు. అంకెలు తలుపు తట్టగలవేగాని మనస్సులోకి ప్రవేశించలేవని ఆయన గ్రహించాడు. 1924 మార్చి 21న న్యూయార్క్‌లోని సివిక్ క్లబ్‌లో ఆయన ఏర్పాటు చేసిన విందులో నల్లజాతి యువ రచయితలు, పేరుపొందిన తెల్లజాతి ప్రచురణకర్తలు ఒకచోట కలుసుకున్నారు. మరుసటి సంవత్సరం నుండి పత్రిక పక్షాన సాహిత్య పోటీలు సాగాయి. లాంగ్‌స్టన్ హ్యూస్, జోరా నీల్ హర్‌స్టన్ వంటివారు వీటి ద్వారా లోకానికి పరిచయమయ్యారు. హార్లెం పునరుజ్జీవనమని పేరుగాంచిన సాహిత్యోద్యమానికి తెరవెనుక నిలిచిన వారిలో జాన్సన్ అగ్రగణ్యుడు. తాను మాత్రం వేదిక ఎక్కడానికి ఇష్టపడని మితభాషి.

1928లో ఆయన టెన్నెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌కు తరలివెళ్లి, ఫిస్క్ విశ్వవిద్యాలయంలో సాంఘిక శాస్త్రాల శాఖకు అధిపతి అయ్యాడు. ఉత్తరాదిలో కీర్తి గడించినవాడు వర్ణవివక్ష రాజ్యమేలే దక్షిణాదికి కోరి వెళ్లడం విశేషమే. రోగమున్న చోటనే వైద్యుడు ఉండాలి కదా! అలబామాలోని మేకన్ కౌంటీలో 612 నల్లజాతి కుటుంబాలను పరిశీలించి, 1934లో ఒక గ్రంథం ప్రచురించాడు. ఆ కుటుంబాలు భూస్వామి పొలంలో పత్తి పండించి పంటలో పాలు పంచుకునేవి. ఏడాది చివర లెక్క చూస్తే, తిన్న తిండికి, వాడిన విత్తనాలకు అప్పు తీసివేయగా మిగిలేది శూన్యం. బానిసత్వం పోయినా తోట నీడ వారిని వదలలేదు. మరుసటి సంవత్సరం మరి ఇద్దరితో కలిసి పత్తి కౌలు వ్యవస్థ పతనంపై వ్రాసిన చిన్న పుస్తకం ప్రభుత్వ వర్గాలలో సైతం చర్చకు వచ్చింది. కౌలుదారులు సొంత భూమి కొనుక్కోవడానికి రుణమిచ్చే చట్టం 1937లో వచ్చింది.

1944 వేసవిలో ఫిస్క్‌లో జాతి సంబంధాలపై శిక్షణ సదస్సులను ఆయన ఆరంభించాడు. నల్లవారు, తెల్లవారు ఒకే ఆవరణలో బసచేసి, ఒకే బల్లవద్ద భుజించి, చర్చలు జరిపారు. ఆనాటి నాష్‌విల్‌లో ఇది చిన్న సాహసం కాదు. ఊరిలో నిరసనలు వినవచ్చాయి. అయినా సదస్సులు ఏటేటా సాగాయి.

ఫిస్క్ 1866లో వెలసింది. విముక్తులైన నల్లవారి విద్య కోసం స్థాపించిన ఆ సంస్థకు ఎనభై ఏళ్లపాటు తెల్లవారే అధ్యక్షులు. మన విశ్వవిద్యాలయాలలో ఉపకులపతి నిర్వహించే బాధ్యతలను అక్కడ అధ్యక్షుడు నిర్వహిస్తాడు. 1946లో పాలకమండలి జాన్సన్‌ను ఆ పదవికి ఎన్నుకొంది. ఆ పీఠం అధిష్ఠించిన తొలి నల్లజాతీయుడు ఆయనే. అందరూ హర్షించారనుకుంటే పొరపాటు. ఫిస్క్ పూర్వవిద్యార్థి, మహామేధావి డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్ ఈ ఎంపికను బాహాటంగా వ్యతిరేకించాడు. జాన్సన్ ఉత్తరాది ధనికుల ధర్మనిధులకు మరీ సన్నిహితుడని, వారి మాట జవదాటడని ఆయన అనుమానం. ఆ అనుమానానికి ఆధారం బొత్తిగా లేకపోలేదు. జాన్సన్ పరిశోధనలకు ధనం ఆ నిధుల నుండే వచ్చేది. కాని అదే ధనంతో ఆయన వెలికితీసిన సత్యాలు ఏ ధనికునికీ ప్రీతి కలిగించేవి కావు.

ఆయన హయాములో ఫిస్క్ ప్రతిష్ఠ పెరిగింది. చిత్రకారిణి జార్జియా ఓకీఫ్ 1949లో విలువైన చిత్రసంపదను బహూకరించింది. ఉన్నత పాఠశాల చదువు పూర్తికాకముందే ప్రతిభావంతులను చేర్చుకునే పద్ధతి 1950ల ఆరంభంలో అమలైంది. అయితే, ఒక మచ్చనూ చెప్పక తప్పదు. 1954లో లీ లార్చ్ అనే తెల్లజాతి గణితాచార్యుణ్ణి అమెరికా పార్లమెంటు విచారణ సంఘం రాజకీయ విశ్వాసాల గురించి ప్రశ్నించింది. వర్ణవివక్షపై పోరాడిన ఆ ఆచార్యునికి ఆ తరువాత ఫిస్క్‌లో కొలువు నిలవలేదు. కమ్యూనిస్టు ముద్ర పడితే సంస్థలే కూలిపోయే రోజులవి. సంస్థను కాపాడుకోవడమా, సహచరుణ్ణి కాపాడుకోవడమా అన్న పరీక్షలో విశ్వవిద్యాలయం మొదటిదానినే ఎంచుకుంది.

అదే ఏడాది అమెరికా సర్వోన్నత న్యాయస్థానం పాఠశాలలలో వర్ణవిభజన చెల్లదని తీర్పు ఇచ్చింది. దక్షిణాది రాజకీయ నాయకులు దానిని ధిక్కరించారు. ఎన్నడూ గొంతు పెంచని జాన్సన్ 1956 సెప్టెంబరులో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించి, దక్షిణాది నల్లవాడి దృష్టిని దేశం ముందుంచాడు. నెల తిరిగిన కొద్ది రోజులకు, అక్టోబరు 27న, పాలకమండలి సమావేశానికి న్యూయార్క్ వెళుతూ కెంటకీలోని లూయీవిల్ రైల్వేస్టేషనులో గుండెపోటుతో కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయస్సు 63 సంవత్సరాలు.

1930లో నానాజాతి సమితి తరఫున ఆఫ్రికాలోని లైబీరియాకు వెళ్లి, అక్కడ సాగుతున్న బలవంతపు చాకిరీని విచారించిన సంఘంలో ఆయన అమెరికా ప్రతినిధి. ఆ నివేదిక దరిమిలా లైబీరియా అధ్యక్షుడు రాజీనామా చేయవలసి వచ్చింది. విముక్తి పొంది వెళ్లిన అమెరికా నల్లవారి సంతతియే అక్కడి ఆదివాసులను అణగదొక్కిన చేదు కథను జాన్సన్ గ్రంథస్థం చేశాడు. ఆయన జీవించి ఉండగా అది అచ్చు కాలేదు. ఆయన మరణించిన 31 ఏళ్లకు, 1987లో, బిటర్ కెనాన్ పేరుతో వెలుగుచూసింది.